నూటతొంభై పౌండ్ల తోడేలు

మార్చి మొదటి శనివారం పొద్దున ఎల్డన్ వాసెక్ పెట్టుకున్న పని చిన్నదే. అర్డిత్ హేగర్ పచ్చిక బీడులో తాను పాతిన పన్నెండు ఇనుప ఉచ్చుల బిగువు సరిచూడాలి. పదకొండు గంటలకల్లా ఇంటికొచ్చి, రేడియోలో పశువుల ధరలు వింటూ సూపు తాగాలి. అర్డిత్ ఆవులు ఈనుతున్న రోజులవి. అప్పటికే రెండు లేగదూడలను కయోటీలు లాక్కుపోయాయి. నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది, ఆ రెంటి కంటే జిత్తులమారి అయిన ఆ జంతువును పట్టాలంటే, నెబ్రాస్కా ఇసుక కొండల్లో నలభై ఏళ్లుగా అందరూ ఎల్డన్ పేరే చెప్పేవారు.

ఈసారి చిక్కల్లా అర్డిత్ కుక్కతోనే. బిస్కట్ అనే ఆ పొట్టి కుక్క దూరని చోటు లేదు. ఉచ్చు మధ్యనుండే రేకు మీద నాలుగు పౌండ్ల బరువు పడితేనే దవడలు మూసుకునేలా మరను బిగించాలి. బిగువు తగ్గితే బిస్కట్ దొరికిపోతుంది, పెరిగితే కయోటీ నడిచి వెళ్లిపోతుంది. ఎల్డన్ ఒక కాఫీ డబ్బాలో సరిగ్గా నాలుగు పౌండ్ల ఇసుక పోసి తెచ్చుకున్నాడు. డబ్బా పెడితే రేకు కదలకూడదు, ఇంకో గుప్పెడు ఇసుక వేస్తే పడాలి.

నిజానికి మోకాలు బాగాలేదని ఈ పని తప్పించుకోవచ్చు. కానీ అతను వెళ్లినప్పుడల్లా అర్డిత్ గేటు దగ్గరకొచ్చి పది నిమిషాలు మాట్లాడేది. భార్య విల్మా పోయిన నాలుగేళ్లలో అతనితో ఏకబిగిన పది నిమిషాలు మాట్లాడిన మనిషి లేదు. గత ఆరు రోజులుగా అతను మాట్లాడింది రేడియోతోనే, అదీ ధరలు తప్పు చెబుతోందని తిట్టడానికి.

ఆ రోజు గేటు దగ్గర ఎవరూ లేరు. ఎల్డన్ కాసేపు ఆగి, గేటు గొలుసును అవసరం లేకపోయినా రెండుసార్లు సర్ది, బీడులోకి పోయాడు.

ఏడు ఉచ్చులు బుద్ధిగా నడుచుకున్నాయి. ఎనిమిదోది మొండికేసింది. డబ్బా పెట్టాడు, పడలేదు. గుప్పెడు వేశాడు, పడలేదు. ఇంకో రెండు గుప్పెళ్లు వేశాడు, అయినా పడలేదు. "నీ మొండితనం తగలెయ్య!" అని డబ్బా తీసి పక్కన పెట్టి, బొటనవేలితో రేకును నొక్కాడు. అప్పుడు పడింది.

ఏటా రెండుసార్లు కొత్తగా ఉచ్చులు పెట్టేవారికి పాఠం చెబుతూ ఎల్డన్ మొదట అనే మాట ఒకటుంది. రేకును పైనుంచి వేలితో నొక్కేవాడు వెధవ. ఇప్పుడా వెధవ కుడిచెయ్యి మణికట్టు దాకా దవడల మధ్య ఉంది. మందపాటి తోలు చేతొడుగు వల్ల ఎముక విరగలేదు, చర్మం తెగలేదు. రెండు పక్కలా ఉన్న మీటల మీద రెండు కాళ్లూ పెట్టి ఒకేసారి తొక్కితే ఉచ్చు విడుతుంది. కానీ శీతాకాలానికి ముందు ఆపరేషన్ చేసిన మోకాలు మడత పడదు. పైగా మరింత గట్టిగా పట్టాలని అదనపు స్ప్రింగులు వేసింది తానే. ఒక మీట కిందికి పోతే రెండోది పైకి లేచింది. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లు ఇసుకలో దొర్లాడు. ఉచ్చును నేలకు కట్టేసిన గొలుసు అడుగు పొడవు. దాన్ని పట్టి ఉంచే మేకు రెండున్నర అడుగుల లోతున ఉంది. ఎల్డన్ పాతిన మేకు ఊడిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు.

ఎడమచేత్తో ఫోను తీశాడు. సిగ్నలు నేల దగ్గర లేదు, చెయ్యి పూర్తిగా పైకెత్తితే ఒక గీత వచ్చింది. అందుకని ఇసుకలో పడుకునే, చెయ్యి ఆకాశంలోకి చాపి, దూరాన ఉన్న ఫోనుకు వినబడేలా అరవసాగాడు.

"అర్డిత్! ఉచ్చులో పడ్డాను!"

"ఏంటీ, పడిందా? కయోటీయేనా?"

"కయోటీ కాదు! నేను!"

"కయోటీ కాదా? మరేంటయ్యా? బతికే ఉందా?"

"బతికే ఉన్నా! ముసలి ప్రాణం, చలికి చస్తున్నా! నువ్వొక్కదానివి లేపలేవు, నూటతొంభై పౌండ్లుంటా. ఎవర్నైనా తీసుకురా!"

ఫోను కట్టయింది. పాపం, అర్డిత్ చెవిన పడిన ముక్కలు ఇంతే: కయోటీ కాదు, బతికే, ముసలి, నూటతొంభై పౌండ్లు, ఎవర్నైనా తీసుకురా. అంత బరువున్నది తోడేలే అయి ఉంటుందని, కొష్టంలో ఈనుతున్న ఆవును పనివాడికి అప్పగించి, అడవి జంతువుల వ్యవహారాలు చూసే గేమ్ వార్డెన్ కర్ట్ రైనార్ట్‌కు ఫోన్ చేసింది.

"కర్ట్, ఎల్డన్ ఉచ్చులో తోడేలు పడిందయ్యా!"

"తోడేలా? ఇక్కడా? మా తాత కూడా చూసి ఉండడు! ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి, మత్తు తుపాకీ తీసుకుని వస్తున్నా."

ఎవరినీ పోనివ్వకూడదన్న మాట దాణా దుకాణంలో నిలబడి చెప్పాడు కర్ట్. అరగంటలో ఊరంతా బయల్దేరింది.

ఎల్డన్ మొదట దూరాన దుమ్ము చూశాడు. ఒక ట్రక్కు వెనక ఇంకో ట్రక్కు, దాని వెనక మరొకటి. లెక్కపెట్టాడు. పంతొమ్మిది. విల్మా అంత్యక్రియలకు వచ్చినవి తొమ్మిది. 'నా కోసం ఇంతమందా?' అనుకున్నాడు. ఎడమచేత్తో టోపీ మీది ఇసుక దులుపుకుని, తిన్నగా కూర్చున్నాడు.

ముందు కర్ట్ దిగాడు, తుపాకీ సిద్ధంగా పట్టుకుని. ఎల్డన్ దగ్గరే ఉచ్చు పని నేర్చుకున్నవాడు.

"పెద్దాయనా, కదలకండి! ఎక్కడుంది?"

"ఏది?"

"తోడేలు!"

"తోడేలేంట్రా?"

కర్ట్ అతని వెనక చూశాడు. గుంపూ అటే చూసింది. దాణా దుకాణం డోయల్ కెమెరా మెడలో వేసుకుని ముందుకొచ్చాడు.

"తెంచుకుపోయిందా?"

"ఒరేయ్, ఉచ్చులో నేనున్నానురా! నా చెయ్యి కనబడట్లేదూ?"

డోయల్ చెయ్యి చూశాడు. మొహం వేలాడేశాడు. "అయ్యో, నువ్వా!" అన్నాడు, పెళ్లికని వచ్చి ఇల్లు తప్పినవాడిలా. ఆ మాట గుంపులో వెనక్కి పాకింది. తోడేలు లేదట, ఎల్డనేనట. ఎవరో తినడానికి విప్పిన సాండ్‌విచ్‌ను మళ్లీ కాగితంలో చుట్టేశారు. అప్పుడే వచ్చిన ఇరవయ్యో ట్రక్కువాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఇంత జరిగినా చెయ్యి ఇంకా ఉచ్చులోనే ఉంది.

చివరికి అర్డిత్ గుంపును తోసుకుని వచ్చి, "బుద్ధుందా మీకు? ముందు మనిషిని విడిపించండి!" అని కసిరి, తానే ఒక మీట తొక్కింది. రెండోది కర్ట్ తొక్కాడు. చెయ్యి బయటికొచ్చింది. వేళ్లు నీలంగా ఉన్నాయి గాని అయిదూ కదిలాయి. అర్డిత్ వాటిని తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

"పైనుంచి వేలితో నొక్కారా పెద్దాయనా?" అడిగాడు కర్ట్, మెల్లగానే.

ఎల్డన్ చూపు గుంపు మీదుంది. అప్పటికే జనం ట్రక్కుల వైపు మళ్లుతున్నారు. తలుపులు మూసుకుంటున్నాయి, ఇంజిన్లు లేస్తున్నాయి. ఇంకో అయిదు నిమిషాల్లో బీడులో గాలి తప్ప ఏమీ మిగలదు. ఇంటికెళితే సూపు, రేడియో.

డోయల్ ట్రక్కు ఎక్కుతూ ఊరికే అడిగాడు. "పోనీ ఎల్డన్, ఇక్కడ పెద్ద జంతువు జాడ ఏదీ కనబడలేదంటావా?"

నలభై ఏళ్లలో అడుగుజాడ విషయంలో ఎల్డన్ ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. బీడు వంక చూశాడు. అంతమంది తొక్కిన ఇసుకలో ఇక ఎవరి జాడా తేలదు.

"పూర్తిగా లేదని చెప్పలేను," అన్నాడు. "నీటి తొట్టి దగ్గర ఒకటి... కాస్త పెద్దదే."

ఒక ఇంజిను ఆగింది. ఇంకోటి ఆగింది. డోయల్ ట్రక్కు దిగాడు. "ఎంత పెద్దది?"

ఎల్డన్ తడుముకుంటూ అర్డిత్ వైపు చూశాడు. ఆమె అతని చెయ్యి ఇంకా వదల్లేదు. అతనికే వినబడేలా, "నీకు అబద్ధమాడటం రాదయ్యా ఎల్డన్," అంది. అతని మెడ ఎర్రబడింది.

అర్డిత్ గుంపు వైపు తిరిగి గొంతు పెంచింది. "మొన్న తెల్లవారుజామున నాకూ ఒక ఊళ వినిపించింది. కయోటీది కాదది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

జనం మళ్లీ చుట్టూ మూగారు. సాండ్‌విచ్‌ విప్పారు. కర్ట్ మత్తు తుపాకీని ట్రక్కుకు ఆనించి పెట్టి, జేబులోంచి పుస్తకం తీసి, "మొదటి నుంచి చెప్పండి," అన్నాడు.

సోమవారం ఎల్డన్ పట్నం వెళ్లి, ఇంటికి వచ్చేవాళ్లు కూర్చోవడానికి ఆరు మడత కుర్చీలు కొనుక్కొచ్చాడు.