మైనస్క్యూల్ సింహాసనారోహణము

స్వస్తి శ్రీ. ప్రచండ మార్తాండ కిరణ సంతప్త పశ్చిమ కర్నూలు సీమయందు, పత్తి లారీల ధూళిచే ధూసరితమైన ఆదోని బస్టాండున, ఒకానొక సోమవారము పొద్దున, బి.ఎడ్. పట్టభద్రుడును, నిరుద్యోగ వ్రతదీక్షాపరుడును, ఇస్త్రీచొక్కా కవచధారియు నగు జయరాం అను మహావీరుడు వెలసెను. ఆ వీరుడను నేనే. పొగడుటకు వేరొకరు దొరకక నా గాథను నేనే పాడుకొనుచున్నాను.

ఆనాడు ఎమ్మిగనూరులోని ఒక ప్రైవేటు బడిలో నా డెమో క్లాసు. 'మైనస్క్యూల్' అను ఆంగ్ల విశేషణమునకు అర్థము చెప్పి, పిల్లలచేత సొంత వాక్యము పలికించవలెను. పలికించినచో ఉద్యోగము, లేనిచో మా మామ ఎరువుల అంగడిలో మూటలు మోయుట. అర్థము కంఠస్థమే: మిక్కిలి చిన్నది, చిన్నదానికన్నను చిన్నది. ఉదాహరణమే చిక్కలేదు. చీమను, ఆవగింజను మాస్టర్లందరు వాడి వాడి అరగదీసియుండిరి.

అంతలో బస్సు వచ్చెను. కిటికీగుండా నా చేతిరుమాలును అస్త్రమువలె ముగ్గురి సీటుపై ప్రయోగించి, మోచేతులే ఆయుధములుగా జనసముద్రమును చీల్చి లోనికేగితిని. చూడగా ఆ సీటు అప్పటికే నిండియుండెను. నా రుమాలుపై పెద్దకడుబూరు గ్రామవాసిని, రంగమ్మ అను వనిత ఆసీనురాలైయుండెను.

"మదీయ రుమాలాంకితమైన ఆసనమును ఆక్రమించుట ధర్మమా, తల్లీ" అని గర్జింపనెంచితిని. నోట "అది నా సీటక్కా" అని మాత్రమే వచ్చినది.

"టవాలేస్తే సీటు ఇడుస్తారప్పా, కర్చీపుకు ఎవురిడుస్తారు?" అన్నది రంగమ్మ.

ఆ ధర్మశాస్త్రమునకు బస్సంతయు తలయూపెను. నా ముఖము చూచి ఆమెకే జాలి కలిగెను.

"యాడికి పోతాండావు?"

"ఎమ్మిగనూరుకు. ఉద్యోగం కోసం."

"అట్లయితే కూసో. ఇంత జరగండప్పా."

ముగ్గురును జరిగిరి. లభించినది నాలుగువేళ్ల వెడల్పు స్థలము. మలుపు మలుపునకు సింహాసనభ్రష్టుడనై, మరల అధిష్ఠించుచు, ఎమ్మిగనూరు చేరితిని.

తరగతిలో నా సంస్కృత సమాస ప్రవాహమునకు పిల్లలు ఆవలించిరి. వెనుక కూర్చున్న కరస్పాండెంటు దేవరాజు గడియారము చూచెను. ఎరువుల మూటలు కళ్లముందు మెదలినవి. నిజముగా భయపడితిని. ఇక దాచుటకేమున్నది, బస్సు కథ చెప్పి, నాలుగు వేళ్లు చూపి, బల్ల అంచున కూర్చుండబోయి, జారి పడితిని.

హేమ అను బాలిక లేచి, "సార్ గాట్ ఎ మైనస్క్యూల్ సీట్" అన్నది. తరగతి గొల్లున నవ్వెను. దేవరాజు కళ్లు తుడుచుకొనుచు, "రేపట్నుంచి రాండి సార్" అనెను.

స్టాఫ్‌రూమున ఒకటే బెంచీ, దానిపై ముగ్గురు. "రాండి సార్, జరుగుతాం" అనెను సామ్సన్ సారు. కూర్చుని చేతితో కొలుచుకొంటిని. నాలుగు వేళ్లే.

దిక్పాలకులారా, ఆలకింపుడు. మరునాడు ఈ వీరుడు పెద్ద టవాలుతో దండెత్తి, బడి తెరవకమునుపే ఆ బెంచీపై పరచెను. సామ్సన్ సారు దానిని చూచి, "టవాలేసినారు గదా, ఇంగొంచెం జరగల్ల" అని న్యాయము పలికెను.

అయిదవ వేలు గెలిచితిని.