లీలాకుమారి గారికి ఎక్కని ముసలితనం

ఆ రోజు పొద్దున్న త్రినాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తెరవగానే కొత్త ఫోన్ కొనాలి. అక్కడినుంచి ఫిల్మ్‌నగర్ వెళ్ళి లీలాకుమారి గారిని డెబ్బై ఏళ్ళ ముసలమ్మను చెయ్యాలి. సాయంత్రంలోగా ఆ ఫోటో దర్శకుడికి నచ్చాలి. నచ్చితే, పాతికేళ్ళుగా ఎవరెవరి కిందో అసిస్టెంటుగా పనిచేసిన మనిషి చీఫ్ మేకప్‌మ్యాన్ అవుతాడు, తెరమీద అతని పేరు ఒక్కటే పడుతుంది. నచ్చకపోతే ముంబయి నుంచి ఇంకెవరో దిగుతారు, త్రినాథరావు ఆయనకు స్పాంజీలు అందిస్తాడు.

కొత్త ఫోన్ సరదాకి కాదు. ఈ రోజుల్లో వేషం ఎలా ఉందో చూడటానికి దర్శకులు రారు. మేకప్ వేసి, ఫోటో తీసి, వాట్సాప్‌లో పంపాలి. జూబ్లీహిల్స్ ఆఫీసులో కథాచర్చల్లో కూర్చున్న దర్శకుడు రవిచంద్ర దాన్ని చూసి సరేనంటే సరే. క్రితం వారం త్రినాథరావు పాత ఫోన్‌తో పంపిన ఫోటో చూసి ఆయన, "వెనక వంట చేస్తున్నారా, పొగగా ఉంది" అని అడిగాడు. త్రినాథరావు ఆ మాటకు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

యూసుఫ్‌గూడ షాపుకి భార్య కౌసల్య కూడా వచ్చింది. ఆమెను వదిలేసి వెళ్తే కొన్నది ఏదైనా సరే అది ఖరీదెక్కువని తేలుతుంది కాబట్టి అతనే పిలిచాడు. షాపాయన మూడు ఫోన్లు బల్లమీద పేర్చాడు. మొదటిదానికి వెనక మూడు కళ్ళున్నాయి. దానితో తీసిన ఫోటోలో త్రినాథరావు చెవిమీది వెంట్రుకలు కూడా ఒక్కొక్కటీ కనిపించాయి. కౌసల్య చూసి, ఇంత వివరంగా అక్కర్లేదంది. రెండోదాని తెర గొప్పది, ఎండలో కూడా కనబడుతుందని షాపాయన వాళ్ళను రోడ్డుమీదికి తీసుకెళ్ళి మరీ చూపించాడు. కనబడింది కానీ, చొక్కా జేబులో పట్టలేదు. మూడోది నిత్యం వాడుకోవడానికి పనికొచ్చేది. చార్జింగు నిలుస్తుంది, కింద పడ్డా పగలదు, మోగిందంటే వంటింట్లో కుక్కరు కూతలోనూ వినబడుతుంది. దాని కెమెరా ఎలాంటిదో చూద్దామని షాపాయన దంపతులిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఒక ఫోటో తీశాడు.

కౌసల్య ఆ ఫోటో వంక చాలాసేపు చూసింది. ఎందుకోగానీ ఆమె మొహం మెత్తబడింది.

"ఇదే తీసుకుందామండీ. ఇందులో మీరు పెళ్ళినాటిలా ఉన్నారు."

త్రినాథరావు కళ్ళజోడు సవరించుకుని చూసి, వృత్తిలో తలపండినవాడి గొంతుతో, లైటు బాగా పట్టుకుంటోందన్నాడు. బతుకంతా జనం మొహాలమీద గీతలు గీసిన మనిషి, తన మొహం మీది గీతలు ఎటు పోయాయని మాత్రం అడగలేదు.

"అక్క కరెక్టు చెప్పింది అన్నా," అన్నాడు షాపాయన. "గీ ఫోన్ల ఫోటో దిగినోళ్ళు ఎవ్వరు మల్ల వాపస్ తేలే."

ఇక్కడ త్రినాథరావు గురించి ఒక మాట చెప్పాలి. అతనికి పని నేర్పిన గురువు పోయి చాలాకాలమైంది కానీ, ఆయన చెప్పిన ఒక్క సూత్రం మాత్రం శిష్యుడి నెత్తిమీద ఇంకా కూర్చునే ఉంది. మేకప్ వేసిన మొహాన్ని కంటితో చూడొద్దు, కెమెరాలోంచే చూడు, కన్ను మోసపోతుంది, కెమెరా అబద్ధం చెప్పదు. స్టూడియోలో ప్రతి మేకప్‌మ్యానూ నమ్మే మాటే ఇది. ఫిల్ములూ పెద్ద లైట్లూ ఉన్న కాలంలో అక్షరాలా నిజం కూడా. అది వేదవాక్యం కాబట్టి దానికి గడువు ఉంటుందని త్రినాథరావుకు తోచలేదు.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలో లీలాకుమారి అప్పటికే వచ్చి కూర్చుంది. ఒకప్పుడు కథానాయిక, ఆ తర్వాత చాలాకాలం వదినగారు. ఆమె వయసెంతో పరిశ్రమలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. రెండేళ్ళుగా చెప్పుకోదగ్గ వేషం రాక, ఇది మంచి పాత్రని నలుగురూ నచ్చజెప్పాక, మొదటిసారి ముసలి వేషానికి ఒప్పుకుంది. ఒప్పుకుని ఇంటికి వెళ్ళి ఏడ్చింది కూడా. ముసలి వేషంలో అద్దం చూసుకుంటే ఆ ముసలితనం మొహాన నిలిచిపోతుందని ఆమెకు ఎవరో చిన్నప్పుడే చెప్పారు. అందుకని అద్దం మీద తువాలు కప్పించేసింది.

"నాకు ఫోటోలో చూపించండి చాలు," అంది. "నన్ను నేను కెమెరాలో చూసుకోవడమే అలవాటు."

త్రినాథరావు ముడతల పని శ్రద్ధగా మొదలుపెట్టాడు. చర్మాన్ని వేళ్ళతో సాగదీసి, దానిమీద లేటెక్స్ అనే రబ్బరు ద్రవం అద్ది, ఆరబెట్టి వదిలితే చర్మం ముడుచుకుని సన్నటి ముడతలు పడతాయి. బుగ్గలు, నుదురు, కళ్ళకింద, మెడ అన్నీ పూర్తిచేసి, కొత్త ఫోన్‌తో ఫోటో తీశాడు. తెరమీద లీలాకుమారి అప్పుడే నిద్రలేచి మొహం కడుక్కున్నట్టు ఉంది. ఆమె చూసుకుని, ముసలితనం ఇంతేనా, అనవసరంగా భయపడ్డానంది. ఫోటో జూబ్లీహిల్స్ వెళ్ళింది. దర్శకుడి దగ్గర పనిచేసే శ్రీకాంత్ ఫోన్ చేశాడు.

"మేకప్ ఎప్పుడు మొదలుపెడతారని సార్ అడుగుతున్నారండీ."

త్రినాథరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. లీలాకుమారి మొహం వంక చూశాడు. ముడతలున్నాయి. ఫోన్‌లోకి చూశాడు. లేవు. కన్ను మోసపోతుందని గురువుగారు ఏనాడో చెప్పారు కాబట్టి, రేపే కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకుని, కెమెరా అబద్ధం చెప్పదమ్మా అని ఆమెతోనూ అంటూ రెండో పూత మొదలుపెట్టాడు.

రెండో పూతకు దర్శకుడు, "అక్కలా ఉంది, అమ్మమ్మ కావాలి" అని పంపించాడు. తెల్లజుట్టు విగ్గు పెట్టి, కనుబొమలు కూడా తెల్లబరిచి పంపితే, జుట్టు బాగుంది, మొహం ఎక్కడని అడిగాడు. త్రినాథరావు ముసలివాళ్ళ చేతులమీదా బుగ్గలమీదా ఉండే గోధుమరంగు మచ్చలు ఒక్కొక్కటే దించాడు. ఫోన్ వాటిని మొటిమలనుకుందో ఏమో, ఒక్కటి మిగల్చకుండా తుడిచేసింది. పైగా బుగ్గలకు కాస్త గులాబిరంగు తనంతట తానే కలిపింది. లీలాకుమారికి ఒక్కో ఫోటోకీ ఉత్సాహం పెరుగుతోంది. త్రినాథరావుకి ఒక్కో ఫోటోకీ నమ్మకం తరుగుతోంది. ఇంతకాలం ఎవరూ తనను చీఫ్‌ను ఎందుకు చెయ్యలేదో ఇవాళ అర్థమైందని, తనకు నిజంగానే పని రాదని, అతను లోపల్లోపల ఒప్పేసుకున్నాడు. ఆ ఆలోచనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి లేటెక్స్ వాసనకు వచ్చాయని ఆమెతో చెప్పాడు.

మధ్యాహ్నం దాటేసరికి పూత మీద పూత పడి లీలాకుమారి పెదవులు కదలడం మానేశాయి. ఆమె సైగలతో మంచినీళ్ళు అడిగితే స్ట్రా పెట్టాడు. బంగళా వాచ్‌మన్ ఏదో పనిమీద గదిలోకొచ్చి, ఆమెను చూసి, చెప్పులు బయట విడిచి మళ్ళీ లోపలికొచ్చాడు. అది చూసైనా త్రినాథరావుకు వెలగాల్సింది. వెలగలేదు. ఫోన్ తెరమీద ఆమె ఇంకా వదినగారి దగ్గరే ఆగి ఉంది మరి.

అప్పుడు శ్రీకాంత్ మళ్ళీ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, సార్ ముంబయి ఆయనకు కబురు చెయ్యమన్నారని చెప్పాడు.

"ఒక్కసారి మనిషిని ఎదురుగా చూడమనండి బాబూ," అన్నాడు త్రినాథరావు. "తీసుకొస్తాను. చూసి కాదంటే నేనే పెట్టె సర్దుకుంటాను."

బయట కారు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. లీలాకుమారి డ్రైవరు బాలశౌరి చాలా ఏళ్ళనుంచి ఆమె దగ్గరే ఉన్నాడు. తలుపు తీసి కూర్చోబోతున్న ముసలావిణ్ణి చూసి, ఇది మేడమ్ గారి కారని, దారి తప్పినట్టున్నారని, ఆటో మాట్లాడి పెడతానని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆమె నోరు మెదపలేక చేతులు ఊపింది. పాపం మూగావిడ కూడాననుకుని అతను ఇంకా కరిగిపోయాడు. వెనకనుంచి మేకప్ పెట్టె మోసుకొస్తూ త్రినాథరావు, ఆవిడే మేడమ్ అని చెప్పాల్సి వచ్చింది. బాలశౌరి "స్తోత్రం ప్రభువా" అని గొణిగి, దారి పొడుగునా గతుకులు తప్పిస్తూ, కారు ఎన్నడూ నడపనంత నెమ్మదిగా నడిపాడు. ఆఫీసు ముందు దిగాక చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. త్రినాథరావు పెట్టె దించుకోవడంలో వెనకబడ్డాడు.

ఆఫీసులో ఆ పొద్దుటినుంచీ ఒక కబురు తిరుగుతోంది. నిర్మాత కమలాకర్ తల్లిగారు నిడదవోలు నుంచి వస్తున్నారని. కొడుకు సినిమా ఆశీర్వదించడానికి పెద్దావిడ వస్తుందంటే ఆఫీసంతా శుభ్రంగా ఉంది. గుమ్మంలో డ్రైవరు చెయ్యి పట్టుకుని నిలబడ్డ ముసలమ్మకు, పొద్దుటినుంచి ఫోటోల్లో చూసిన లీలాకుమారికి పోలికే లేదు. ఆమెను చూడగానే రవిచంద్ర లేచాడు. ఆవిణ్ణి ఎన్నడూ చూడకపోయినా, పెట్టుబడి పెట్టినవాడి తల్లిని పోల్చుకోలేని దర్శకుడు ఉండడు. నేరుగా వెళ్ళి వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. లోపలిగదిలోంచి వచ్చిన కమలాకర్‌కు తన తల్లి ఇంకా రైల్లోనే ఉందని తెలుసు. దర్శకుడు అంతలా వంగాడంటే ఈవిడ అతని నాయనమ్మే అయివుంటుందని, ఆయనా వచ్చి వంగాడు. తక్కిన సిబ్బంది ఎవరి నాయనమ్మ అని అడక్కుండా వరుసలో నిలబడ్డారు.

లీలాకుమారికి ఇవేవీ తెలియవు. ఇన్నాళ్ళకు తన సీనియారిటీకి ఇంత గౌరవం దక్కిందని ఆమెకు కడుపు నిండిపోయింది. చెయ్యెత్తి అందర్నీ దీవించింది. ఒక మాట కూడా చెబుదామని నోరు తెరవబోయింది. ఎడమ బుగ్గ చెవి దగ్గర మొదలై గడ్డం దాకా ఊడి, వేలాడి, వంగి ఉన్న రవిచంద్ర భుజం మీద పడింది.

రిసెప్షన్ అమ్మాయి కుర్చీ ఎక్కింది. త్రినాథరావు పెట్టెతో సహా పరిగెత్తుకొచ్చి, "కదలకండమ్మా, కదిలితే రెండోది కూడా వస్తుంది" అన్నాడు.

విషయం అందరికీ తెలియడానికి కాస్త సమయం పట్టింది. శ్రీకాంత్ ఫోన్ అందుకుని అటూ ఇటూ నొక్కి చూశాడు. అందులో బ్యూటీ మోడ్ చివరంటా పెట్టి ఉందని, అది ముడతలూ మచ్చలూ ఏవీ ఉంచదని, మనిషి ఎంత ముసలైతే అంత కష్టపడి చెరిపేస్తుందని చెప్పాడు. త్రినాథరావు తల వంచుకున్నాడు. 

"కంటికి కనబడుతూనే ఉందండీ," అన్నాడు. "కెమెరాను నమ్మాను. ముంబయి ఆయన్నే పిలిపించండి."

కమలాకర్ మాత్రం ఇంకా తన చేతులవంక చూసుకుంటున్నాడు.

"ఎందుకయ్యా పిలవడం? డైరెక్టర్ గారూ నేనూ కాళ్ళమీద పడ్డాం. ఇంకా వయసు చాల్లేదని అనేవాళ్ళెవరో ముందుకు రమ్మనండి."

ఎవరూ రాలేదు. రవిచంద్ర భుజం మీది బుగ్గను రెండు వేళ్ళతో తీసి బల్లమీద పెట్టాడు. మోకాళ్ళు దులుపుకుని, వయసు సరిపోయిందని ఆ రోజు మొదటిసారి ఒప్పుకున్నాడు. చీఫ్ మేకప్‌మ్యాన్ అని త్రినాథరావు పేరు రాసుకొమ్మని శ్రీకాంత్‌తో చెప్పాడు. త్రినాథరావు జేబులు తడుముకున్నాడు. ఇంటికి ఫోన్ చేద్దామని వెతుక్కుంటే ఫోన్ లీలాకుమారి చేతిలో ఉంది.

ఆమె సోఫాలో కూర్చుని, ఒక చేత్తో పెదవుల మీది రబ్బరు ఊడదీసుకుంటూ, పొద్దుటినుంచి తీసిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూస్తోంది. చూడటం అయ్యాక తలెత్తింది.

"ఇంత వేసినా నాకు వయసు ఎక్కలేదు రవిచంద్ర గారూ. ఈ వేషం నేను వెయ్యను."

అది ఫోన్ చేసిన పని అని అందరూ ఆమెకు వంతులవారీగా చెప్పారు. ఆమె ఓపిగ్గా విన్నది.

"కెమెరా అబద్ధం చెప్పదు," అంది. "కావాలంటే త్రినాథరావు గారిని అడగండి. పొద్దుటినుంచి నాకు ఆయనే చెబుతున్నారు."

అందరూ అతని వంక చూశారు. గురువుగారి మాటను కాదనడానికి అతనికి నోరు పెగల్లేదు. లీలాకుమారి ఆ ఫోటోలు అక్కడికక్కడే తన నంబరుకు పంపించుకుని, ఎదురు వీధిలోని ఇంకో కంపెనీకి పంపింది. వాళ్ళు ఆమెకు హీరో అక్క వేషం ఇచ్చారు.

ఇక్కడ మాత్రం మేకప్‌మ్యాన్ ఉన్నాడు, మొహం లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ బాలశౌరి జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏమైందని రవిచంద్ర అడిగితే, మెట్లు ఎక్కిస్తుంటే అచ్చం వాళ్ళమ్మ చెయ్యి పట్టుకున్నట్టే అనిపించిందన్నాడు. ఆమె పేరు ఫిలోమినా, డెబ్బై దాటింది, రహమత్ నగర్‌లో ఉంటుంది, ప్రతి క్రిస్మస్‌కీ చర్చి నాటకంలో ఆమెకొక వేషం ఉండాల్సిందే. మర్నాడు ఫిలోమినా వచ్చి, చెప్పిన సంభాషణ తడుముకోకుండా చెప్పింది. త్రినాథరావు స్పాంజి తడిపి ముందుకు వెళ్ళాడు. రవిచంద్ర చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడ మొహాన్ని ముట్టుకోవద్దన్నాడు. షూటింగు జరిగినన్నాళ్ళూ త్రినాథరావు ఆమె పక్కన గొడుగు పట్టుకుని కూర్చుని, చెమట పడితే మెత్తగా అద్దాడు.

సినిమా విడుదలైన రోజు అతని పేరు తెరమీద ఒక్కటే పడింది. కౌసల్య హాల్లో అందరికీ వినబడేలా చదివింది. ఆ వారం పత్రికలన్నీ సినిమాలో లోపాలు ఏకరువు పెట్టి, ముసలమ్మ మేకప్ మాత్రం అచ్చం నిజం ముసలావిడలాగే ఉందని రాశాయి. అభినందించడానికి వచ్చినవాళ్ళందరికీ త్రినాథరావు వినయంగా చేతులు జోడించాడు.