ఆవు గురించి తెలియాలంటే ఊరు వదలాలి

పల్లెటూరి పిల్లలకు ఆవు గురించి ఏమీ తెలియదు.

ఈ మాటకు కోపమొచ్చి ఎవరైనా కర్ర పట్టుకుని బయలుదేరవచ్చు. బయలుదేరండి. కానీ దారిలో ఒక్క ప్రశ్నకు జవాబు ఆలోచించుకుని రండి. మీ పిల్లకు ఆవు తెలుసనడానికి మీ దగ్గరున్న రుజువేమిటి? ఫోటో ఉందా? ఫోటో కింద టీచరు సంతకం ఉందా? లేదు కదా. మరి ఏ ముఖం పెట్టుకుని తెలుసంటున్నారు?

ఆవును సక్రమంగా తెలుసుకోవాలంటే నైరోబీకి గంట దూరంలో కాపురం పెట్టాలి. మ్బూని కొండల పల్లె నుంచి మ్లొలోంగో పట్నానికి దిగివచ్చిన ముసెంబి కుటుంబానికి ఈ సత్యం ఆరు నెలల్లో బోధపడింది. కొందరికి ఇంకా ముందే బోధపడుతుంది.

ముసెంబి హైవే పక్కన లారీ టైర్ల షాపులో పనిచేస్తాడు. ఎనిమిదేళ్లపాటు రేకుల గదిలో ఒక్కడే ఉండి, నెలాఖరుకు బస్సెక్కి ఊరెళ్లేవాడు. వెళ్లినప్పుడల్లా పిల్లలిద్దరూ రెండు రోజులు అతని ఒళ్లోంచి దిగేవారు కాదు. ఇదేం పెంపకం అనిపించింది అతని భార్య మువేనికి. పిల్లలు తండ్రిని రోజూ చూడాలి, ఇంగ్లీషు రోజూ వినాలి, పేడ మాత్రం రోజూ తొక్కకూడదు. ఈ మూడూ ఒక్కచోట దొరికేది నగరం దగ్గరే కదా! మూటాముల్లె కట్టుకుని, ఎనిమిదేళ్ల కూతురు కటుంగేనీ నాలుగేళ్ల కొడుకు మువోకినీ వెంటబెట్టుకుని వచ్చేసింది. మూడో అంతస్తులో రెండు గదులు.

నగరానికి పిల్లల మీద ఎంత దయో చెప్పలేం. ఊళ్లో ఉన్నప్పుడు పొద్దుగూకేదాకా పిల్లలెక్కడున్నారో తల్లికి తెలిసేది కాదు. ఎవరింట్లోనో తిండి తినేవారు, ఇంకెవరి చేతిలోనో దెబ్బలు తినేవారు. ఇక్కడ ఆ బెంగ లేదు. మెట్ల మీద ఆడకూడదు, వరండాలో పరుగెత్తకూడదు, మేడ మీద బట్టలారేస్తారు కాబట్టి అక్కడికి పోకూడదు అని బిల్డింగు కాపలాదారు ఎర్ర రంగుతో గోడ మీద రాయించాడు. ఆడటానికి చోటే లేకపోతే తప్పిపోవడానికి చోటెక్కడిది? మువోకి ఇప్పుడు గడప దగ్గర బోర్లా పడుకుని, తలుపు కింది సందులోంచి ఎదురింటి పిల్లాడి వేళ్లతో ఆడుకుంటున్నాడు. ఆ పిల్లాడి మొహం ఇంతవరకూ చూడలేదు. మోకాళ్లు చీరుకోని ఇంత పరిశుభ్రమైన ఆట మీ పల్లెలో ఉందేమో చూపించండి.

ఇక బడి. దాని పేరు ఇక్కడ వద్దు. చివర 'అకాడమీ' అని ఉంటుంది, గేటు మీద గద్ద బొమ్మ ఉంటుంది, అంతే. అందులో సీటు కోసం మువేని పాలిచ్చే ఆవును అమ్మింది. ఆ ఆవుకు ఒక పేరుండేది. ఇప్పుడెందుకు లెండి.

అకాడమీవాళ్లు కటుంగేని పరీక్షించి, ఇంగ్లీషు పలచగా ఉందని ఒక తరగతి కిందికి దించి కూర్చోబెట్టారు. తన భుజం దాకా వచ్చే పిల్లల మధ్య కూర్చున్న కటుంగేకి బోర్డు బాగా కనిపించేది. వెనకవాళ్లకే కనిపించేది కాదు. అందుకని ఆమెను చివరి బెంచీకి పంపారు. బడి అన్నీ ఆలోచిస్తుంది.

ఈ బడిలో పుస్తకాల చదువు కాదు, చేసి చూపించే చదువు. పిల్ల గుప్పెడు తోటమట్టి తేవాలి. మూడు కోడి ఈకలు తేవాలి. ఎండుగడ్డి తేవాలి, మొలకెత్తిన చిక్కుడు గింజ తేవాలి. మ్బూనిలో ఇవి కాళ్లకు అడ్డంపడేవి కాబట్టి వాటి విలువ ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ గేటుకు ఎదురుగా ఒక షాపుంది. మట్టి ప్యాకెట్లలో దొరుకుతుంది, ఈకలు మూడేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. పోయిన వారం గింజ నానబెట్టడం మరిచినవాళ్ల కోసం పోయిన వారమే నానబెట్టిన గింజలు కూడా ఉంటాయి. పుట్టిననాటి నుంచి మట్టిలో పొర్లిన కటుంగే మొదటిసారి మట్టిని కత్తెరతో తెరిచింది. జ్ఞానమంటే ఇదే కాదా?

పిల్లలు తండ్రిని రోజూ చూడాలన్న మువేని కోరిక కూడా తీరింది. రోజూ చూస్తున్నారు. ముసెంబి షాపు నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, నేల మీద కూర్చుని అట్టముక్కలు కత్తిరిస్తుంటాడు. "జరుగు, నాన్న హోంవర్కు చేసుకుంటున్నారు" అని కటుంగే తమ్ముణ్ణి గదుముతుంది. ఒళ్లో కూర్చోవడానికి ఖాళీ ఉండదు. అక్కడ జిగురు సీసా ఉంటుంది.

ఒకసారి దిష్టిబొమ్మ చేసి తెమ్మన్నారు. ముసెంబి మురిసిపోయాడు. చిరిగిన గోనెసంచి, రెండు కర్రలు, గాలికి గలగలలాడే డబ్బా రేకుతో, ఊళ్లో తన మొక్కజొన్న చేలో ఎలాంటిది నిలబెట్టేవాడో అచ్చం అలాంటిదే చేశాడు. దాన్ని చూసి రెండో అంతస్తు ఆవిడ మెట్ల మీదే కూలబడింది. మార్కు మాత్రం 'అంచనాలకు దిగువ'. పక్కన టీచరు రాసిన వ్యాఖ్య: 'ఆకర్షణీయంగా లేదు.' షాపులో కొన్న దిష్టిబొమ్మలకు టై ఉంది, బొత్తాల కళ్లున్నాయి, నవ్వు ఉంది. పక్షులు వాటిని చూడటానికి వచ్చి ఉండేవి.

ఆ తర్వాత వచ్చింది ఆవు.

శుక్రవారం తల్లిదండ్రుల ఫోన్లకు సందేశం అందింది. పిల్ల ఆవు పాలు పితుకుతున్న ఫోటో, రంగుల్లో, పెద్ద సైజు, సోమవారానికల్లా. మువేని చదివి నవ్వింది.

"ఇందులో మనల్ని కొట్టేవాళ్లు లేరయ్యా. మన పిల్ల ఆరేళ్లకే పితికింది. మీ అమ్మ దగ్గరుండి మరీ నేర్పింది."

"నేర్పింది సరే. ఆవేదీ?"

మువేని నవ్వు ఆపింది. సందేశం అడుగున కటుంగే తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఇంకో వాక్యం ఉంది. ఇదే సబ్జెక్టులో మరొక 'దిగువ' పడితే పిల్లను వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో ఉంచుతారట.

కటుంగే తల ఎత్తింది. "మళ్లీనా? ఇప్పటికే నన్ను అందరూ అమ్మమ్మా అంటున్నారు."

ముసెంబి ఊరికి ఫోన్ చేశాడు. తల్లి అంతా విని, "ఆవు కావాలా నాయనా? అయ్యో, ఆర్నెల్ల ముందు అడిగుంటే దొడ్లోనే ఉండె కదరా" అంది.

నగరం ఎవరికీ అన్యాయం చెయ్యదు. సిమెంటు ఇటుకల యార్డు వెనక కిలోంజో అనే ముసలాయన దగ్గర ఒక ఆవు ఉంది. నలుపూ తెలుపూ మచ్చలతో, తరగతి గోడ మీది పటంలోంచి దిగివచ్చినట్టు ఉంటుంది. శనివారం పొద్దున్నే ముసెంబి పిల్లతో వెళ్లేసరికి పదిహేను కుటుంబాలు వరసలో ఉన్నాయి. తెల్ల ఏప్రన్లు, రబ్బరు గ్లవ్స్. తండ్రి మెడకు కరుచుకుని ఏడుస్తున్న ఒక అబ్బాయి. బకెట్లో ప్యాకెట్టు పాలు ఒంపుతున్న ఒక తల్లి.

"పక్కన నిలబడేదైతే ఒక రేటు, చెయ్యి వేసేదైతే ఇంకో రేటు" అన్నాడు కిలోంజో. "ఈ ఆవు మొహం ఈ ఏరియాలో ఎంపీ మొహం కన్నా ఎక్కువ గోడల మీద ఉంది తమ్ముడూ."

"పితికేదైతే, తాతా?" అని అడిగింది కటుంగే.

కిలోంజో ఆమెను పైకీ కిందికీ చూశాడు. "దానికి రేటు పెట్టలేదమ్మా. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

కటుంగే చెప్పులు విడిచింది. ఆవు చుట్టూ తిరిగి దానికి తన వాసన చూపించింది. పొదుగు కడిగి, గొంతుక్కూర్చుని, నుదురు ఆవు డొక్కకు ఆనించింది. మొదట రెండు సన్నటి చప్పుళ్లు, తర్వాత ఒకటే ధార. బకెట్లో నురుగు లేచింది. ఏడుస్తున్న అబ్బాయి ఏడుపు మాని చూశాడు. అబద్ధమెందుకు, వరసలో ఉన్న పెద్దవాళ్లు కూడా ఫోన్లు దించి చూశారు. ముసెంబి మాత్రం మరిచిపోకుండా ఫోటో తీశాడు.

"ఎవరిదమ్మా చెయ్యి?" అన్నాడు కిలోంజో.

"మా నాయనమ్మది" అంది కటుంగే, తల తిప్పకుండానే.

సోమవారం ఫోటో వెళ్లింది. మంగళవారం తిరిగొచ్చింది. 'అంచనాలకు దిగువ.'

ముసెంబి షాపులో సెలవు అడిగి బడికి వెళ్లాడు. టీచరు గతోని చెడ్డ మనిషి కాదు. నలభై ఆరుగురు పిల్లలు, నలభై ఆరు ఆవులు ఆమె బల్ల మీద పడి ఉన్నాయి. అన్నీ ఒకే ఆవు.

"కటుంగే నాన్నగారూ, మీరే చూడండి. ఇందులో నాకు కనబడేది ఒక వీపు, రెండు కాళ్లు, ఆవు పొట్ట. పిల్లేది?"

"అది నా కూతురేనండీ. పితికేటప్పుడు నుదురు ఆవుకి ఆనించాలి. అది కాలు ఎత్తబోతుంటే ముందు నుదుటికే తెలుస్తుంది."

"మీకు తెలుసు. ఈ ఫారానికి తెలియాలి కదండీ."

"పోనీ ఆవుని ఇక్కడికే తోలుకొస్తాను. మీ కళ్లముందే పితుకుతుంది."

గతోని నిట్టూర్చి ఫారం అతని వైపు తిప్పింది. "ముఖం కనిపించాలి, ఒక గడి. ఏప్రన్, గ్లవ్స్, ఒక గడి. సంతోషంగా పాల్గొంది, అంటే నవ్వాలి, ఒక గడి. ఇవి నేను పెట్టినవి కాదు. పాలు అనే గడి ఎక్కడుందో మీరే వెతికి చెప్పండి, టిక్కు పెడతాను."

ముసెంబి నిజంగానే వెతికాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"శుక్రవారం దాకా టైమిస్తాను. మళ్లీ తీసుకురండి. మంచి పిల్ల, మళ్లీ ఇదే క్లాసులో ఉంచడం నాకూ ఇష్టం లేదు" అంది ఆమె.

గురువారం సాయంత్రం మళ్లీ కిలోంజో దగ్గరికి వెళ్లారు. కటుంగేకి కొత్త ఏప్రన్, కొత్త గ్లవ్స్.

"వీటితో పట్టు దొరకదు నాన్నా."

"పట్టుకోవద్దు. ఊరికే చెయ్యి పెట్టు."

"ఊరికే పెడితే పాలు రావు."

"రానక్కర్లేదు." ముసెంబి సంచిలోంచి పాల ప్యాకెట్టు తీసి, పంటితో కొరికి బకెట్లో పోశాడు. అది నురుగు లేకుండా అడుగున పడింది.

కటుంగే బకెట్ వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది. కిలోంజో ఎందుకో ఆవు తాడు సవరించడానికి అటు తిరిగాడు.

"ఇటు చూడమ్మా. నవ్వు."

"దేనికి?"

లారీ టైరు ఎంత బరువైనా ఒక్కచేత్తో దొర్లించగల మనిషి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. "బడికి" అన్నాడు.

ఆమె నవ్వింది. పళ్లన్నీ కనిపించాయి.

పాఠకులారా, ఫలితం వేరే చెప్పాలా? 'అంచనాలకు మించి.' పై తరగతి ఖాయమైంది. టర్ము చివరి రోజున ఆ ఫోటోను ఇంకా పెద్దది చేయించి, హాలులో అందరికంటే పైన అంటించారు. హెడ్‌మాస్టరు గారు దాన్ని చూపిస్తూ, పుస్తకాలకు అందని చదువంటే ఇదీ అని ప్రసంగించారు. తల్లులందరూ మువేని చుట్టూ చేరారు. ఏప్రన్ ఎక్కడ కుట్టించారని అడిగారు.

చప్పట్లు మోగుతుండగా కటుంగే తండ్రి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ముసెంబి వంగాడు.

"నాన్నా, అందులో నేను పితకట్లేదని నాయనమ్మకి చెప్పకు."

గమనించారా? ఎనిమిదేళ్లకే పిల్లకు దాచుకోవాల్సిన సంగతి ఒకటి ఏర్పడింది. కొండ మీద ఆవుల మధ్య పెరిగితే, దాచడానికి ఏముంటుంది పాపం? ఇంత చదువు చెప్పే పల్లె ఒక్కటుంటే చూపించండి, అందరం వెనక్కి పోదాం.

ముసెంబి చెప్పలేదు. పిల్ల పాసైందని మాత్రం ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేశాడు.

"ఆవు గురించేనా మార్కులు? బాగా పితికిందా నా తల్లి? ఏం నేర్చుకుందిరా అక్కడ కొత్తగా?" అని ముసలావిడ ఉబ్బిపోతూ అడిగింది.

ఆమె గొంతు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపిస్తోంది.

"లైను బాగాలేదమ్మా" అన్నాడు ముసెంబి. "ఏమీ వినపడట్లేదు."