మా డాబా మీద డెంగీ మందు

దోమను తిట్టకండి! దేశ రాజధాని శివారు ద్వారకలో మా ఫ్లాట్ల సొసైటీని కలిపి ఉంచుతున్నది అదొక్కటే.

పదేళ్లుగా ఎదురు ఫ్లాటాయన పేరు నాకు తెలియదు. కానీ పోయిన సెప్టెంబరులో డెంగీ వచ్చినప్పుడు ఆయన ప్లేట్‌లెట్లు ఎన్నో తెలుసు! లిఫ్టులో పిల్లల మార్కులు అడగడం మానేసి ఇప్పుడు ప్లేట్‌లెట్లు అడుగుతున్నాం. ఇది ప్రగతి కాదా?

ఇక విజ్ఞానం సంగతి. మా పై ఫ్లాటు కావేరి ఫరీదాబాద్‌లో ఒక ల్యాబులో పనిచేస్తుంది. నేలవేము అనే కటిక చేదు మొక్క ఆకులోంచి ఒక పదార్థం తీసి, అది డెంగీ వైరస్‌ను ఆపుతుందేమో చూస్తోంది. అందుకోసం డాబా మీద నలభై కుండీల్లో మొక్కలు పెంచింది. అన్నిటికీ ఒకే రకం విత్తనం, ఒకే మట్టి, కొలిచి పోసిన నీళ్లు. సోమవారం ఆకులు కోసి ల్యాబుకు తీసుకెళ్లాలి.

"ఇంకా గాజుగిన్నెలో కణాల మీదే చూస్తున్నాం అంకుల్. మనుషులదాకా రావడానికి ఏళ్లు పడుతుంది" అని సెక్రటరీ సదాశివరావుగారికి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని వాట్సాప్ గ్రూపులో పెట్టారు: "శుభవార్త! డెంగీకి మందు మన డాబా మీదే!"

ఏళ్లు ఎవరు ఆగుతారండీ? ఆదివారం మధ్యాహ్నానికల్లా నలభై కుండీలకూ తిరుపతి గుండు! లలితకుమారిగారు పప్పులో వేశారు. మూడో అంతస్తు పంజాబీ ఆంటీ పరాఠాలో పెట్టింది. జిమ్ముకెళ్లే పృథ్వీరాజ్ స్మూతీ చేసుకుని తాగి, రెండు గంటలు చక్కెర డబ్బా వదల్లేదు. ఎవరికీ జ్వరం లేదు, గమనించండి! అసలు అంతకుముందూ లేదనుకోండి. నేనూ గుప్పెడు కోశాను. కళ్లకద్దుకునే కోశాను.

సాయంత్రం కావేరి పైకొచ్చి కుండీల మధ్య కూలబడింది. "నాలుగు నెలలు పెంచానంకుల్..." అంది. "ఠీక్ హై బేటా, ఆకు మళ్లీ రాదా?" అని ఓదార్చాను.

ఆ పిల్ల లేచింది. వేసవి అయ్యాక నేను మూలన పడేసిన ఎయిర్ కూలర్ తెరిచి లోపలికి చూసింది. "ఈ నీళ్లు ఎప్పుడు మార్చారంకుల్?" జూన్‌లో పోసినవి. అందులో దోమపిల్లలు హాయిగా ఈదుతున్నాయి. కావేరి ఒక్క తోపు తోసి కూలర్‌ను బోర్లించింది.

డాబా తడిపినందుకు కమిటీ మర్నాడే ఆమెకు నోటీసిచ్చింది. సభ్యుడిగా నేనూ సంతకం పెట్టాను. మరి ఆకులు కోసినవాళ్లకో అంటారా? ఆ నోటీసు మొదట నాకే రావాలి. అందుకే ఎవరూ ఆ మాట ఎత్తకముందే ఈ సంతకం అంత తొందరగా పెట్టేశాను!