మా రెండో తుపాకీకి తగిన సొరుగు

పాఠక మహాశయులారా, తుపాకీ ఉండాల్సింది ఇంట్లో కాదు, పోలీస్ స్టేషన్లో! ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

నాకు లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకీ ఒకటుంది. మా నాన్నగారి తర్వాత నాకొచ్చింది. అది నా దగ్గర కన్నా స్టేషన్లోనే ఎక్కువ కాలం కాపురం చేసింది. ఎన్నికలొస్తే తుపాకులు అప్పజెప్పాలి కదా! పంచాయతీకి ఒకసారి, పరిషత్తుకి ఒకసారి, అసెంబ్లీకి ఒకసారి. మధ్యలో ఎవరైనా గెలిచినాయన కాలం చేస్తే ఆయన పేరిట ఇంకోసారి.

ఎంత సుఖమండీ! నూనె రాయక్కర్లేదు. దొంగ పడతాడన్న బెంగ లేదు. దానికో తాళం, తాళానికో కాపలా, కాపలాకి జీతం. మా ఇంట్లో నాకే అంత భద్రత లేదు.

అసలు తుపాకీ ఎందుకయ్యా అంటారా? ఒంగోలుకీ అద్దంకికీ నడుమ మాకు మిరప చేను ఉంది. పురుగు రాకుండా చుట్టూ జొన్న వెయ్యమన్నారు, వేశాను. పురుగు జొన్న దాటి వచ్చింది. జొన్న కోసం అడవి పందులొచ్చాయి. పంది మిరపకాయ ముట్టదు, ఆ మర్యాద దానికుంది. జొన్న కోసం వచ్చి, మిరప మొక్కల్ని ముట్టెతో పెళ్లగించి, దొర్లి వెళ్తుంది. పంట కాపలాకనే నాకు లైసెన్సిచ్చారు. కానీ ఎన్నికల కోడ్ సంగతి ఈ పందులకి ఎవరు చేరవేస్తున్నారో తెలీదు. పొద్దున నేను తుపాకీ ఇచ్చొస్తే సాయంత్రానికల్లా పిల్లాజెల్లాతో దిగుతున్నాయి!

దసరా వెళ్లాక ఓ విడ్డూరం జరిగింది. ఏ ఎన్నికలూ లేవు. తుపాకీ ఇంటికొచ్చింది. భుజాన వేసుకుని చేలోకి వెళ్తే, పంది సరిగ్గా ఎదురుగా నిలబడింది. గురిపెట్టాను. పక్క చేను కౌలుకి చేసే ఏసుబాబు గట్టు మీంచి కేకేశాడు.

"కొట్టమాక బాబాయ్! అడవి ఆఫీసోళ్ల పర్మిషన్ లేకుండా కొడితే, పందికేం కాదు, నిన్ను లోపలేస్తారు!"

తుపాకీ దించాను. పంది తాపీగా జొన్న ముగించుకుని, నా వంక ఒకసారి చూసి వెళ్లింది. మర్నాడే అర్జీ పెట్టాను. తిరగ్గా తిరగ్గా పర్మిషన్ వచ్చింది. అదే రోజు ఎన్నికల ప్రకటనా వచ్చింది! ఇప్పుడు పర్మిషన్ నా జేబులో ఉంది, తుపాకీ స్టేషన్లో ఉంది, పంది చేలో ఉంది. ఎక్కడుండాల్సినవి అక్కడున్నాయి. దీన్ని పరిపాలన అనక ఇంకేమంటారు?

అందుకే రెండో తుపాకీ కొనాలనుకున్నాను. అదీ స్టేషన్‌కే పోతుంది కదా అని మీరంటారు. పోనీండి! మొదటిదానికి తోడుండొద్దూ?

గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ తీసుకుంటున్న మా మేనల్లుడు చైతన్యకృష్ణ, చదువు తప్ప మిగతా వీడియోలన్నీ చూసి తుపాకుల్లో నిపుణుడయ్యాడు. "రివాల్వరన్నా తీసుకో మామయ్యా, లివర్ రైఫిలన్నా తీసుకో. మిగతావన్నీ వేస్ట్" అని తేల్చాడు.

బడ్జెట్ సంగతి దాచను. పురుగుమందుల షాపువాళ్లు దయతలిచి వదిలేసినదాంట్లో కొనాలి. ఆ లెక్కన రైఫిల్ రాదు, దానికుండే లివర్ పిడి మటుకు వస్తుంది.

అయినా ఎంపిక ఎంపికే! రివాల్వర్ నడుముకి పెట్టుకుని పెళ్లికెళ్తే ముందు వరసలో కుర్చీ వేస్తారు, రెండో గారె అడక్కుండానే పడుతుంది. పందికి తగలాలంటే మాత్రం అది కూడా పక్క కుర్చీలో కూర్చోవాలి. ఇక లివర్ రైఫిలంటారా, ప్రతి గుండుకీ బోరింగ్ కొట్టినట్టు లివర్ కిందకీ పైకీ ఆడించాలి. బోరింగ్ కొట్టడం మా ఊళ్లో అందరికీ వచ్చు కాబట్టి శిక్షణ ఖర్చు ఆదా!

ఎటూ తేలక, స్టేషన్లో మా తుపాకుల్ని కనిపెట్టుకుని ఉండే హెడ్ కానిస్టేబుల్ నాగూర్ వలి గారినే అడిగాను. మంచం కొనేవాడు గది కొలుచుకోడా?

"రివాల్వరే తీసుకోండి పెద్దాయనా" అన్నారాయన. "సొరుగులో పడుద్ది. రైఫిలైతే నిలబెట్టడానికి జాగా లేదు. ఇప్పటికే మీ పాతది చీపుర్ల పక్కన సర్దాల్సొచ్చింది."

అంతే, రివాల్వర్ ఖాయం చేశాను.

ఆదివారం నేనూ మా ఆవిడ సుబ్బరావమ్మా చేను చూడ్డానికి వెళ్లాం. తొలి కోతకొచ్చిన చేను. సగానికి సగం మొక్కలు వేళ్లు పైకి పెట్టి పడున్నాయి. గుంటూరు యార్డుకి వెళ్లాల్సిన ఎర్రకాయ బురదలో కూరుకుపోయింది. ఏడుపొచ్చింది. తుపాకుల మీద వ్యాసం రాసేవాడు ఏడిస్తే బాగోదని ఆపుకున్నాను.

"బెంగపడకే. రివాల్వర్ ఖాయం చేశాను. సొరుగు కూడా దొరికింది" అన్నాను ఆవిడతో.

ఆవిడ విరిగిన కొమ్మల నుంచి కాయలు కోసి ఒళ్లో వేసుకుంటూ, తలెత్తకుండానే అంది.

"తుపాకీకేం అండీ, తాళాలేసుకుని రాజాలాగుంది! చేతనైతే ఈ చేను తీసుకెళ్లి ఆ స్టేషన్లో డిపాజిట్ చేసి రండి. మిగిలిందన్నా దక్కుద్ది."

సోమవారం పొద్దున్నే వెళ్లి నాగూర్ వలి గారిని అడిగాను. ఆయన నవ్వలేదు. బీరువా వంక చూశారు, చీపుర్ల మూల వంక చూశారు, వెనక ఖాళీ స్థలం వంకా చూశారు.

"ఎన్నెకరాలు పెద్దాయనా?" అన్నారు.