మా ఇంట్లో ఇనుము జాడ

రక్తపరీక్ష చేయించుకోని మనిషి మనిషే కాదని నా గట్టి నమ్మకం! ఒంట్లో ఏముందో తెలియకుండానే బతికిన మన పెద్దవాళ్లను తలచుకుంటే జాలేస్తుంది. కాల్షియం ఎంతుందో ఎవరూ చెప్పక బిందెలకు బిందెలు నీళ్లు మోశారు. సోడియం పడిపోయిన సంగతి తెలియక మిట్టమధ్యాహ్నం కోతలు కోశారు. రిపోర్టు లేకుండా జబ్బుపడి, రిపోర్టు లేకుండానే పోయారు. అదీ ఒక బతుకేనా?

ఇప్పుడో? మా సిరిసిల్లలో సందుకో ల్యాబ్. పొద్దున సూది గుచ్చితే సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు. ఐరన్, జింక్, మెగ్నీషియం... పేరు పక్కన అంకె, అంకె పక్కన బాణం. అరవై దాటాక అక్షరాలు దిద్దిన నాకు ఆ బాణాలంటే ప్రాణం. కిందికుంటే తక్కువ, పైకుంటే ఎక్కువ. గుణింతాలు కూడా ఇంత తేలిగ్గా ఉంటే ఎంత బాగుండేది!

మా సందులో గొప్పలు చెప్పుకోవడం కూడా మారింది. "నాకు మెగ్నీషియం తక్కువొచ్చింది" అని లింగవ్వ మొదలుపెట్టిందో లేదో, "నాకన్నీ తక్కువే" అని యాదవ్వ ఆమె నోరు మూయించింది.

మా కోడలు వనజది పచ్చి ఒళ్లు. చంటిపాపను ఎత్తుకుని నిలబడ్డది నిలబడ్డట్టే కళ్లు తిరిగి దర్వాజ పట్టుకుంది. నేను అందుకోకపోతే పాప కింద పడేదే. పరీక్ష చేయిస్తే ఐరన్ బాణం కిందికి! డాక్టరమ్మ గోలీలు రాసి, మేక కార్జం కూడా తినమంది.

సైన్సు మహిమ చూడండి! రిపోర్టు రాగానే నా కొడుకు రంజిత్ బట్ట నేస్తూ నడుస్తున్న సాంచె ఆపి మరీ కార్జం కోసం ఉరికాడు. కోడలి ఆరోగ్యం కనుక్కుందామని నా మరిది హనుమండ్లు ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. చేతిలో సీసాతో.

మావైపు కార్జం పొయ్యి దిగిందంటే ముందు సీసా దగ్గరికే పోతుంది. అలా పొమ్మని ఎవరూ చెప్పరు. అదే పోతుంది.

"వదినె, ఇంకో రెండు ముక్కలెయ్యి" అన్నాడు మరిది.

"పిల్లకు తెచ్చింది గద, హనుమండ్లూ!"

"గిన్నెకంటిన మసాల ఉంది గద ఆమెకు. ఐరనంత మసాలలకే దిగుతది!"

నెల తర్వాత మళ్లీ పరీక్ష. వనజ బాణం ఇంకా కిందికే. రంజిత్ పరేషాన్ అయ్యాడు.

"గింత కార్జం తెస్తున్న గద, ఐరనంత ఏడవోతుందే అవ్వా?"

ఎంత శాస్త్రీయమైన ప్రశ్న! ఇంట్లోకి వచ్చిన ఇనుము ఇంట్లో లేకపోతే ఎలా? "ఇద్దరు చేతులు సాపుండ్రి. దేవులాడుదాం" అని కొడుకునూ మరిదినీ ల్యాబ్‌కు తీసుకుపోయాను. చాపారు. సాయంత్రానికి జాడ దొరికింది. కొడుక్కి అన్నీ సమంగా ఉన్నాయి. మరిదికి ఐరన్ ఎక్కువ!

గిన్నెలోకి తొంగి చూస్తే తెలిసే దానికి సూదులెందుకంటారా? గిన్నె మాట ఎవరు నమ్ముతారండీ! ఆడది "నాకు మిగల్లేదు" అంటే సణుగుడు. అదే మాట ల్యాబ్ ముద్రతో వస్తే మగవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చదువుతారు.

పోయిన ఆదివారం కార్జం వేపి, మూకుడు నేరుగా తీసుకెళ్లి వనజ ముందు పెట్టాను. పాపను నా ఒళ్లోకి తీసుకున్నాను. మరిది మెడ చాపి చూశాడు.

"మరి మాకేదే వదినె?"

"నీకు ఎక్కువైందట. పప్పు తిను."

వనజ ముక్క చేతిలోకి తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. తల తిప్పి మొగుడి వైపు చూసింది.

"వాని మొకం దిక్కేం చూస్తవ్ బిడ్డా? సల్లారుతది, తిను."