ఖాదర్ ముక్కుకు అందని ఘాటు

ఆ రోజు ఉదయం అబ్దుల్ ఖాదర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా యలమందయ్య కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు చూసి, అవి ఏపాటివో చెప్పి, పన్నెండుకల్లా ఇంటికొచ్చి, భార్య జానీబీ వండిన పప్పుచారుతో అన్నం తిని పడుకోవాలి. ఇందులో ఆసుపత్రి ఎక్కడా లేదు. ఫైరింజను అసలే లేదు.

సత్తెనపల్లి చుట్టుపక్కల ఆయన్ను 'కాయ చూసే ఖాదర్' అంటారు. కాయను రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, అది ఏ రకమో, ఏ నేలలో కాసిందో, ఆరబోశాక మంచు తగిలిందో లేదో చెప్పేస్తాడు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఆయన మాటే ఆఖరుమాట అనుకుంటారు. ముప్పై ఐదేళ్లుగా తప్పు చెప్పని ఆ ముక్కంటే ఆయనకు కొంచెం గర్వం. కొంచెమే అని ఆయన అంటాడు గానీ జానీబీ ఒప్పుకోదు.

మూడు రోజులుగా ఆయనకు జ్వరం, దగ్గు. రెండు నెలల క్రితం గుంటూరులో గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి మూడు మాటలు చెప్పాడు. గుండెకు రక్తం మోసే నాళాల్లో పూడిక మొదలైంది, మాత్రలు మానొద్దు అన్నాడు. ఏటా ఫ్లూ టీకా వేయించుకోమన్నాడు. జ్వరం, దగ్గు వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఖాదర్ మొదటి మాట విన్నాడు. తక్కిన రెండూ మిరపకాయ సంగతి తెలియని మనిషి మాటలని వదిలేశాడు.

"ఏమండీ, డాక్టరు దగ్గర చూపించుకుని అప్పుడు కళ్లానికి పోరాదా?" అంది జానీబీ.

"ఇది ఘాటు దగ్గు జానీ. ఈ ఊళ్లో దగ్గని మనిషెవరు? దగ్గినోళ్లంతా ఆసుపత్రికి పోతే కాయ కోసేదెవరు?"

"మెట్లెక్కుతూ మూడుసార్లు ఆగారు."

"గ్యాస్," అన్నాడు ఖాదర్. ఆయన లెక్కలో మెడ నుంచి బొడ్డు దాకా వచ్చే ప్రతి నొప్పీ గ్యాసే.

కళ్లం దర్శి వెళ్లే రోడ్డు పక్కనే ఉంది. యలమందయ్య, అతని భార్య బసవమ్మ ఎర్రటి కాయ మధ్య నిలబడి ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. పురుగునూ తెగులునూ తట్టుకుని, ఏడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని పండించిన తేజ రకం కాయ అది. ఖాదర్ బాగుందంటే చాలు, ఈ ఏడు గట్టెక్కినట్టే.

ఖాదర్ ఒక కాయ తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తగల్లేదు. ఇంకోటి నలిపాడు. ఇంకో కుప్ప దగ్గరికి వెళ్లాడు. వంగి అడుగు నుంచి తీశాడు. ఎండుగడ్డిని నలిపినా అంతకంటే ఎక్కువ వాసన వచ్చేది. తన ముక్కును అనుమానించాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. ముప్పై ఐదేళ్లలో అలాంటి అవసరం ఎప్పుడూ పడలేదు మరి.

"యలమందా," అన్నాడు గొంతు తగ్గించి, "కాయలో ఘాటు లేదురా."

యలమందయ్య నోరు తెరిచాడు. "ఏందన్నా ఆ మాట! నా కళ్లు చూడు, నీళ్లెట్టా కారతన్నయ్యో! ఘాటు లేకపోతే ఇయ్యెక్కడియ్యి?"

"బాధతో వచ్చాయిరా," అన్నాడు ఖాదర్ జాలిగా, అతని భుజం తడుతూ.

బసవమ్మకు విషయం అర్థమైపోయింది. "దిష్టే అన్నయ్యా! పోయిన వారం దర్శి బస్సులో ఆడోళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మరీ చూశారు. అప్పుడే అనుకున్నా."

దిష్టి సంగతి తేల్చడం ఆ ఊళ్లో ఎవరికైనా తెలిసిన పనే. గుప్పెడు మిరపకాయలు, రాళ్ల ఉప్పు దిగదుడిచి నిప్పులో వేయాలి. ఘాటొస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే బాగా తగిలినట్టు. బసవమ్మ గట్టు పక్కన నాలుగు పుల్లలు రాజేసి, కుప్పల చుట్టూ మూడుసార్లు తిరిగి, గుప్పెడు కాయ నిప్పుల్లో వేసింది.

మరుక్షణం యలమందయ్య తలపాగా ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టు దాకా పరిగెత్తాడు. బసవమ్మ దగ్గుతూ నేల మీద కూలబడింది. ఖాదర్ మాత్రం మంట పక్కనే గొంతుక్కూర్చుని, పొగలోకి మొహం పెట్టి, రెండుసార్లు గట్టిగా పీల్చాడు.

"చూశారా? కొంచెం కూడా లేదు. ఎంత దిష్టో!"

"ఉంది... అన్నయ్యా... ఖ్... ఉంది..." అంది బసవమ్మ.

"ఏడవొద్దమ్మా. పెద్ద దిష్టి, గుప్పెడుతో పోదు." ఖాదర్ ధైర్యం చెప్పి, పక్కనున్న గంపెడు కాయ ఎత్తి నిప్పుల్లో కుమ్మరించాడు.

ఆ గంప ఎత్తినప్పుడే గుండె మీద ఎవరో కూర్చున్నట్టయింది. గ్యాస్ అనుకున్నాడు.

అంతలో గాలి రోడ్డు వైపు తిరిగింది. దర్శి బస్సు సరిగ్గా అప్పుడే వచ్చి ఆగిపోయింది. డ్రైవరుకు దారి కనపడలేదు. నలభై మంది దిగి, దగ్గుతూ, తుమ్ముతూ, కనపడని మనిషిని తిట్టారు. అందులో ఒకాయన మిరప కళ్లం తగలబడిపోతోందని ఫైరింజనుకు ఫోన్ చేశాడు. ఇంకొకాయన జనం పడిపోతున్నారని 108కి చేశాడు. మూడో ఆయన చుట్టాలందరికీ చేశాడు.

ఇరవై నిమిషాల్లో ఫైరింజను వచ్చింది. సిబ్బంది దిగి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గొట్టం తిప్పి కాయ వైపు పెట్టారు. యలమందయ్య గుండె ఆగినంత పనైంది. ఆరబోసిన కాయ తడిస్తే బూజు పట్టి, రంగు పోయిన తాలు కాయ కింద చవగ్గా పోతుంది. ఏడు నెలల కష్టం రెండు నిమిషాల నీళ్లలో పోతుంది. అరుద్దామంటే దగ్గు తప్ప మాట రాలేదు.

ఊపిరాడే మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఖాదర్ లేచి, పొగలోంచి ఇరవై అడుగులు పరిగెత్తి, గొట్టం ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

"ఆపండి! ఘాటు లేకపోయినా కాయ కాయే! ఒక్క చుక్క పడిందంటే ఊరుకోను!"

గొట్టం ఆగింది. ఖాదర్ మెల్లగా కూర్చున్నాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి, ఎడమ చెయ్యి లాగుతోంది. "గ్యాస్," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

అంబులెన్సులో వచ్చిన కలీం అందరికీ కళ్లు కడగడానికి నీళ్లిస్తూ ఆయన దగ్గర ఆగిపోయాడు. కళ్లంలోనూ రోడ్డు మీదా కళ్లు పొడిగా ఉన్నది ఈయనొక్కడికే.

"పెద్దాయనా, మీకు ఘాటు తగల్లేదా?"

"ఉంటే గదా తగలడానికి!"

"జ్వరమేమన్నా ఉందా?"

"మూడ్రోజుల్నించి. అది వేరే సంగతి."

కలీం ఆయన వేలికి చిన్న యంత్రం తగిలించి అంకె చూసి, ఇంకో వేలికి మార్చి చూశాడు. ఒంట్లో ఆక్సిజన్ బాగా తక్కువుంది. ఖాదర్‌ను బండి ఎక్కించి తలుపు వేశాడు. "నాకేం కాలేదు, కాయకి చూడండి!" అన్న కేక సత్తెనపల్లి దాకా వినిపించింది.

ఆసుపత్రిలో గుండె పరీక్ష చీటీ చూసి డాక్టర్ లక్ష్మీదుర్గ ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే గుంటూరుకు పంపింది. అక్కడ దాదాపు మూసుకుపోయిన నాళాన్ని తెరిచి స్టెంటు వేశారు. ఊపిరితిత్తులు తేరుకోవడానికి మరో ఆరు రోజులు పట్టింది. ఇల్లు చేరాక జానీబీ ఆయన్ను లక్ష్మీదుర్గకు చూపించింది.

"వైరస్ వచ్చి మీ వాసననీ ఘాటు తెలిసే గుణాన్నీ పట్టుకుపోయింది," అందావిడ. "నాళాల్లో ముందే పూడిక ఉన్నవాళ్లకి ఇలాంటి జ్వరం మామూలుగా పోదండి. ఒళ్లంతా వాపెక్కి ఆ పూడిక చిట్లొచ్చు, అక్కడ రక్తం గడ్డకట్టొచ్చు. ఊపిరి చాలక గుండెకి పని రెట్టింపవుతుంది. అందుకే టీకా వేయించుకోమనేది. ఆ రోజు ఇంట్లో పడుకునుంటే..."

జానీబీ కొంగుతో కళ్లొత్తుకుంది. ఖాదర్ తల దించుకుని, "టీకా ఎప్పుడు వేస్తారమ్మా?" అని అడిగాడు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడటం జానీబీ వినలేదు.

గుంటూరులో ఉన్న ఆ రోజులన్నీ ఆమెకు తోడుగా ఆసుపత్రి వరండాలో పడుకున్నది బసవమ్మ. క్యారేజీ మోసినవాడు యలమందయ్య. తమ కాయను పనికిరాదన్న మనిషి కోసం వాళ్లెందుకింత చేస్తున్నారో జానీబీకి తెలియలేదు. అడిగితే బసవమ్మ, "అన్నయ్య అడ్డం నిలబడకపోతే మాకీ ఏడు అన్నం లేదొదినా," అంది. జానీబీ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు దిష్టి తీయకపోతే నాకు మనిషే లేడమ్మా," అంది. ఇద్దరూ కాసేపు ఏడ్చి, ఆ తర్వాత క్యారేజీ తెరుచుకున్నారు.

నలభై రోజులకు ఒక ఉదయం తాలింపు మాడింది. ఖాదర్‌కు పొలమారి, దగ్గొచ్చి, కళ్లెర్రబడ్డాయి.

"జానీ! మాడింది! మాడిందే!" అని ఆయన ఇల్లంతా తిరుగుతూ సంతోషంతో అరిచాడు. కూర మాడినందుకు మొగుడి మెప్పు పొందిన ఇల్లాలు ఆ వీధిలో జానీబీ ఒక్కతే.

నేరుగా యలమందయ్య ఇంటికి వెళ్లాడు. కాయంతా ఎప్పుడో మంచి పేరుతో అమ్ముడుపోయింది. ఒక్క బస్తా మాత్రం మూలన ఉంది.

"నువ్వు చూసి చెప్పందే ఇది కదలదన్నా," అన్నాడు యలమందయ్య.

ఖాదర్ ఒక కాయ నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఘాటు నషాళానికి అంటింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి, ఎంతసేపటికీ ఆగలేదు.

"ఏందన్నా ఆ నీళ్లు? బాధా?" అన్నాడు యలమందయ్య నవ్వుతూ.

"నీ కాయ ఘాటురా. నా జన్మలో ఇట్టాంటి కాయ చూడలా." ఖాదర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "సగం నీళ్లు దానికి. సగం మీ ఇద్దరికి. నా ప్రాణం మీరు పెట్టింది, తమ్ముడూ."

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఖాదర్ మాటే ఆఖరుమాట. కాకపోతే ఆయన ఏ కాయకైనా ఘాటు తక్కువన్నాడంటే మాత్రం, రైతు ముందుగా 108కి ఫోన్ చేస్తాడు.